బస్తర్‌లో సారా, బడి, ఇరవై ఒక్కేళ్లు

ఛత్తీస్‌గఢ్‌లో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, ఒడిశాల్లోనూ ఇదే వయసు. గోవాలో 18, ఢిల్లీలో 25, కేరళలో 2017 నుంచి 23. రాజ్యాంగం మద్యాన్ని రాష్ట్రాల జాబితాలో పెట్టింది కాబట్టి ఎవరి అంకె వారిది. అంకె ఎంతయినా ఈ చట్టాలన్నింటికీ కాపలా చోటు ఒక్కటే, అమ్మకపు బల్ల. సీసా చేతులు మారేచోట కొనేవాడి వయసు చూడమని అవి అమ్మేవాడికి చెబుతాయి. ఛత్తీస్‌గఢ్ దక్షిణ కొసన ఉన్న బస్తర్‌లో చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ ప్రాంతపు తాగుడులో చాలా భాగం ఏ బల్ల మీదుగానూ రాదు. చెట్టు మీద నుంచి, పెరటి కుండలోంచి, పొయ్యి మీది బానలోంచి వస్తుంది. వందేళ్లకు పైగా అక్కడ మద్యం మీద సాగిన తగవు ఎవరు తాగాలన్నది కాదు, ఎవరు కాచాలన్నది. వయసు మాట ఆ తగవులోకి చాలా ఆలస్యంగా వచ్చింది. అదీ బడి, హాస్టలు, కాలేజీ వెంట వచ్చింది.

బస్తర్ 1948 జనవరి 1 దాకా సంస్థానం. ఆ రోజున కాంకేర్‌తో కలిపి ఒకే జిల్లాగా మధ్యపరగణాల్లో, ఆపైన మధ్యప్రదేశ్‌లో చేరింది. సుమారు 39,000 చదరపు కిలోమీటర్ల ఆ జిల్లా కేరళ రాష్ట్రం కన్నా పెద్దది. 1998లో మూడుగా, తర్వాత 2007, 2012ల్లో మరింతగా చీలి ఇప్పుడు ఏడు జిల్లాలయింది. పాలించిన వంశం ఓరుగల్లు కాకతీయులది. 1323లో ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు ఇంద్రావతి తీరానికి వచ్చి రాజ్యం కట్టాడని సంప్రదాయం చెబుతుంది. జగదల్‌పూర్‌లోని ప్రభుత్వ కళాశాలకు నేటికీ కాకతీయ పేరే ఉంది. దక్షిణాన శబరి ఒడ్డున కోంటా, పడమట గోదావరి, ఇంద్రావతుల దగ్గర భోపాలపట్నం వైపు తెలుగు ఇంటిభాషగానో సంతభాషగానో వినిపిస్తుంది. అక్కడి దోర్లలు భద్రాచలం కోయల చుట్టాలే. చింతూరు మన్యంలో జీలుగు కల్లు తాగేవాళ్లకు బస్తర్ సల్ఫీ కొత్త పానీయం కాదు, అదే చెట్టు, పేరే వేరు.

మూడు పానీయాల సంగతి తెలియకపోతే చట్టం ఎక్కడ తడబడిందో అర్థం కాదు. మొదటిది ఇప్పసారా. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పచెట్టు ఆకు రాల్చి పువ్వు పడుతుంది. కండగల ఆ లేతపసుపు పువ్వులు తెల్లవారుజామున రాలతాయి. వాటిని ఏరడానికి ఇల్లిల్లూ పిల్లాపాపలతో సహా బుట్టలు పట్టుకుని చెట్ల కిందికి చేరుతుంది. చెట్టు కింది ఎండుటాకును ముందే తగలబెట్టి నేల శుభ్రం చేసుకుంటారు. ఆ మంటలే ఏటా అటవీశాఖతో గొడవ తెస్తాయి. ఎండబెట్టిన పువ్వు ఇంట్లో ఏడాది పొడవునా నిలవ ఉంటుంది. తినడానికి, పశువులకు పెట్టడానికి, సంతలో ఉప్పుకో బట్టకో మార్చుకోవడానికి పనికొస్తుంది. మిగిలింది నీళ్లలో నానబెట్టి కొన్నాళ్లు పులియనిచ్చి, కుండ మీద కుండ బోర్లించి, ఆవిరిని చల్లబరిచి దించితే సారా. హల్బీలో దాన్ని మంద్ అంటారు. చెట్టు నుంచి గింజలు కూడా రాలతాయి, వాటితో ఇప్పనూనె. ఒక్క చెట్టు తిండికీ నూనెకూ మత్తుకూ మూలమయినప్పుడు దానిలోంచి మద్యాన్ని మాత్రం వేరుచేసి నిషేధించడం కాగితం మీద రాసినంత తేలిక కాదు.

రెండోది సల్ఫీ. గోండీలో గోర్గా, తెలుగులో జీలుగు. ఈ చెట్టు గీతకు రావడానికి ఏళ్లు పడుతుంది. వచ్చాక పూగుత్తిని కోసి కుండ కడితే పొద్దునా సాయంత్రం కల్లు దిగుతుంది. చెట్టు నుంచి అప్పుడే దించినది తీపి నీళ్లే. పొద్దెక్కేకొద్దీ పులుస్తుంది, సాయంత్రానికి మత్తెక్కిస్తుంది. పల్లెల్లో సల్ఫీ చెట్టు పొలంతో సమానమైన ఆస్తి. అన్నదమ్ముల పంపకాల్లో లెక్కకు వస్తుంది, కూతురికి పెళ్లిలో ఇవ్వడమూ ఉంది. కొన్నేళ్లుగా వేరుకు పట్టే ఎండుతెగులు ఈ చెట్లను చంపుతోంది. చెట్టు పోయిన ఇంటికి పోయేది ముంతెడు కల్లు మాత్రమే కాదు. మూడోది లాందా, బియ్యపు పిండిని ఆవిరి మీద ఉడికించి, మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యపు పిండి కలిపి పులియబెట్టే చిక్కని పానీయం. దీన్ని ఆడవాళ్లు చేస్తారు, వారపు సంతలో కుండల ముందు కూర్చుని ఆకుదొప్పల్లో పోసేదీ వాళ్లే. సంతకు నడిచివచ్చినవాడికి లాందా సగం దాహం, సగం తిండి.

ఈ మూడింటి వాడకానికీ కట్టుబాట్లున్నాయి. అవి ఏళ్ల లెక్కన లేవు. తాగేముందు నాలుగు చుక్కలు నేల మీద ఒలకబోసి పెద్దలకు, దేవరలకు ఇవ్వాలి. సంబంధం అడగడానికి వెళ్లేవాళ్లు సారా పట్టుకెళ్లాలి. ఆ సారా తాగారంటే ఒప్పుకున్నట్టే. చావుకు, కొత్తపంట తినే పండక్కి, కులపంచాయతీ వేసే తప్పుకు అన్నింటికీ సారా లెక్క ఉంది. ఎక్కడ, ఎవరి సమక్షంలో, ఏ పని మీద అన్నవి కట్టుబాటు అడిగే ప్రశ్నలు. ఎన్నేళ్లు అన్న ప్రశ్నకు అక్కడ అర్థమే లేదు. పుట్టిన తేదీ రాసిపెట్టుకోని సమాజంలో అది సహజం. పెళ్లయిందా, పొలం దున్నుతున్నాడా అన్నవే పెద్దరికానికి కొలతలు. దీన్ని బయటివాళ్లు అదుపులేని తాగుడుగా చూశారు. అందులో కొంత నిజం, కొంత అపార్థం. పండగనాటి తాగుడు ఒక్కోసారి కత్తిపోట్ల దాకా వెళ్లేదని ఆ సమాజాన్ని ప్రేమించి రాసినవాళ్లే ఒప్పుకున్నారు.

యువతకు అక్కడ ప్రత్యేకమైన చోటు కూడా ఉండేది. నారాయణ్‌పూర్, కొండగావ్ వైపు మురియా గ్రామాల్లో పెళ్లికాని ఆడా మగా పిల్లలు రాత్రిళ్లు గడిపే ఘోటుల్ అది. అబ్బాయిలు చేలిక్‌లు, అమ్మాయిలు మోటియారీలు. సిర్దార్, బెలోసా వంటి పదవులతో పిల్లలే దాన్ని నడిపేవారు. పని ఎగ్గొట్టినవారికి, నియమం తప్పినవారికి శిక్ష వేసేదీ వాళ్లే. మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1947లో ప్రచురించిన మురియా ఘోటుల్ గ్రంథం దాన్ని ప్రపంచానికి పరిచయం చేసింది. ఆ పేరుకు వచ్చిన అల్లరిలో అసలు విషయం మరుగున పడింది. యువత నడవడికను వయసుతో కాకుండా తోటివారి కంటిచూపుతో అదుపు చేసే ఏర్పాటు అది. తరువాతి కాలంలో హాస్టలు ఆ పిల్లల్నే తీసుకుంది గానీ ఆ కంటిచూపును తీసుకోలేదు.

అబ్కారీ బస్తర్ గుమ్మం తొక్కకముందే పక్క మన్యాన్ని మండించింది. మద్రాసు ప్రభుత్వం కల్లు మీద హక్కును గుత్తకిచ్చి, ఇంటి వాడకానికి గీసుకునే కల్లుకు కూడా పన్ను అడగడం 1879 రంప తిరుగుబాటుకు ముఖ్య కారణాల్లో ఒకటి. చిగురుపన్ను పేరుతో మన్సబుదారు వసూళ్లు అప్పటికే ఉండగా దాని మీద గుత్తేదారు వచ్చి కూర్చున్నాడు. తాటిచెట్టు తమది, ఎక్కేది తాము, తాగేది తాము, మధ్యలో ఈ మూడోవాడెవడన్నది కొండవాళ్ల ప్రశ్న. ఆ గొడవ భద్రాచలం తాలూకా దాకా పాకింది. అక్కడి నుంచి బస్తర్ సరిహద్దు కూతవేటు.

ముప్పై ఏళ్ల తర్వాత అదే ప్రశ్న ఇంద్రావతి లోయలో లేచింది. 1900ల తొలి దశకంలో దివాన్‌గా ఉన్న పండా బైజ్‌నాథ్ బస్తర్‌ను ఆధునికం చేయబూనాడు. అడవిలో మూడింట రెండు వంతులు రిజర్వు చేయాలన్న ప్రతిపాదన 1905లో వచ్చింది. పోడు మీద ఆంక్షలు, వెట్టి, పోలీసు దౌర్జన్యం వీటికి తోడయ్యాయి. ఇళ్లలో సారా కాచుకోవడం మాన్పించి, పాట పాడుకున్న గుత్తేదారు దుకాణంలోనే కొనాలన్న పద్ధతి పెట్టారు. బడులు తెరిచి పిల్లల్ని పంపమని బలవంతం చేశారు. ఉపాధ్యాయులు ఆ వంకన పిల్లల్నీ వాళ్ల తల్లిదండ్రులనూ పీడించి సరుకులు గుంజారన్న ఫిర్యాదు ఉంది. 1910 ఫిబ్రవరిలో భూమ్‌కాల్ తిరుగుబాటు లేచింది. మామిడి రెబ్బ, మట్టిగడ్డ, మిరపకాయలు, బాణం ఊరూరా తిరిగాయి. పుష్పాల్ సంతను దోచారు. వ్యాపారుల ఇళ్లు, పోలీసు ఠాణాలు, బడులు తగలబడ్డాయి. నాయకుల్లో ముందుగా వినిపించే పేరు నేతానార్ గ్రామపు గుండా ధూర్‌ది. సేనలు దిగి కొన్ని నెలల్లో అణిచేశాయి, గుండా ధూర్ మాత్రం చిక్కలేదు. తర్వాత బ్రిటిష్ అధికారి డి బ్రెట్ రాసిన కారణాల జాబితాలో అడవి తర్వాత బడిపంతుళ్ల వేధింపులూ ఉన్నాయి, ఇంటి సారాను ఆపే ప్రయత్నమూ ఉంది. బస్తర్‌లో బడి, సారా మొదటిసారి ఒకే కాగితం మీదికి ఎక్కడం అప్పుడే, రెండూ సర్కారు మీది ఫిర్యాదులుగానే. కొండగావ్ ప్రభుత్వ కళాశాలకు ఇప్పుడు గుండా ధూర్ పేరు పెట్టారు. బడులు తగలబెట్టిన తిరుగుబాటు నాయకుడి పేరు కాలేజీ గేటు మీద ఉండటం చరిత్ర చేసే చమత్కారాల్లో ఒకటి.

తిరుగుబాటు అయిదేళ్లకు, 1915లో, మధ్యపరగణాల ఎక్సైజు చట్టం వచ్చింది. నేటి ఛత్తీస్‌గఢ్ ఎక్సైజు చట్టం సవరణలతో అదే. సంస్థానం కాబట్టి బస్తర్‌కు అది అప్పట్లో నేరుగా వర్తించలేదు. విలీనం తర్వాత జిల్లాతో పాటు చట్టమూ కలిసొచ్చింది. ఆనాటి ఎక్సైజు చట్టాలన్నీ ఇంచుమించు ఒకే అచ్చులో పోసినవి. కాచడానికి, రవాణాకు, నిలవకు, అమ్మకానికి లైసెన్సు, ప్రతి మెట్టు మీదా సుంకం. వయసు నిబంధన ఆ మెట్లలో చివరిదానికి తగిలించిన చిన్న మొల. లైసెన్సున్న దుకాణదారు గానీ అతని మనిషి గానీ, చూడ్డానికి ఆ వయసు రానట్టు కనిపించేవారికి మద్యం అమ్మకూడదు, చేతికివ్వకూడదు. తాగేది ఆ పిల్లవాడయినా, ఇంకొకరి కోసం తీసుకెళుతున్నా సరే. ఈ రెండో ముక్క వెనుక ఇంగ్లండు వీధుల కథ ఉంది. అక్కడ తండ్రులు కూజా ఇచ్చి పిల్లల్ని సారాయి దుకాణానికి పంపేవారు, పిల్లలు దారిలో నాలుగు గుక్కలు వేసుకునేవారు. 1901లో పార్లమెంటు 14 ఏళ్లలోపు వారికి సీలు వేయని పాత్రలో మద్యం ఇవ్వకూడదంది. 1923లో పార్లమెంటు సభ్యురాలు నాన్సీ ఆస్టర్ తెచ్చిన బిల్లుతో దుకాణంలో కొనుగోలుకు 18 ఏళ్లు కావాలన్నారు. దుకాణాల మధ్య బతికే పట్టణ సమాజానికి పుట్టిన నియమం అది. వీధి చివర దుకాణం ఉన్నచోటే దానికి పట్టు. ఇప్పతోపు మధ్యనున్న ఊళ్లో దాని మాట వినేవాడెవడు?

అమ్మకం పద్ధతి కూడా బస్తర్‌లో వేరుగా ఉండేది. మైదాన జిల్లాల్లో ప్రభుత్వ బట్టీలో కాచి, కొలిచి, సుంకం కట్టాకే బయటికి వదిలేవారు. రోడ్లు లేని అడవుల్లో అది సాగక ఔట్‌స్టిల్ పద్ధతి ఉంచారు. ఒక ప్రాంతంలో కాచి అమ్ముకునే హక్కును వేలంలో గుత్తేదారుకు ఇచ్చేసేవారు. ఎంత కాచాడు, ఎంత ఘాటుగా కాచాడు అన్న లెక్క ఉండేది కాదు. పాట సొమ్ము రాబట్టుకోవడానికి ఎక్కువ అమ్మడమే అతనికి లాభం, అప్పు పెట్టి అమ్మడం ఇంకా లాభం. 1927 నుంచి 1931 దాకా బస్తర్ పాలనాధికారిగా ఉన్న గ్రిగ్సన్ మాడియా గోండుల మీద 1938లో ప్రామాణిక గ్రంథం రాశాడు. ఎల్విన్ 1943లో మాడియాల్లో హత్యలు, ఆత్మహత్యల మీద పుస్తకం తెచ్చాడు. కోర్టు దస్త్రాల నుంచి వంద హత్యకేసులు పరిశీలించి, తాగిన మైకంలో జరిగినవాటిని దాచకుండా చెప్పాడు. అయినా అతను మద్యనిషేధాన్ని గిరిజనుల నెత్తిన రుద్దడాన్ని జీవితాంతం వ్యతిరేకించాడు. ఒకప్పుడు గాంధీ ఆశ్రమాల్లో తిరిగినవాడు కావడంతో ఆ వాదన సాటి జాతీయవాదులకు మింగుడు పడలేదు. ఇంటి పానీయం వేరు, గుత్తేదారు సారా వేరు అన్నది అతని పట్టు. ఈ ఒక్క తేడాను పట్టుకోవడానికి ప్రభుత్వాలకు మరో ముప్పై ఏళ్లు పట్టింది.

స్వాతంత్ర్యం తర్వాత రాజ్యాంగం 47వ అధికరణలో మద్యనిషేధాన్ని ఆదేశిక సూత్రంగా పెట్టింది. 1960లో యు.ఎన్. ధేబర్ అధ్యక్షతన వేసిన షెడ్యూల్డ్ ప్రాంతాల కమిషన్‌లో ఎల్విన్ కూడా సభ్యుడు. 1970ల మధ్యలో కేంద్రం గిరిజన ప్రాంతాల ఎక్సైజు విధానంపై మార్గదర్శకాలు ఇచ్చింది. వ్యాపార మద్యాన్ని ఆ ప్రాంతాల నుంచి తొలగించాలి, సంప్రదాయ పానీయాలను సొంత వాడకానికి చేసుకోనివ్వాలి, మానిపించడం నచ్చజెప్పడం ద్వారానే జరగాలి అన్నది వాటి సారాంశం. మధ్యప్రదేశ్, దాని వారసత్వంగా ఛత్తీస్‌గఢ్, షెడ్యూల్డ్ తెగలకు పరిమిత మోతాదులో సారా కాచుకునే మినహాయింపు ఇచ్చాయి. అమ్మితే నేరం. భూమ్‌కాల్‌లో అడిగిన వాటిలో ఒకటి ఇలా అరవై డెబ్భై ఏళ్లకు కాగితం మీదికి వచ్చింది. మినహాయింపు తెగను చూస్తుంది, మోతాదును చూస్తుంది. ఇంట్లో ఎవరు ఏ వయసులో తాగుతారన్నది ఎక్సైజు శాఖ పట్టించుకునే విషయం కాదు.

ఈలోగా బస్తర్ మారింది. 1968లో బైలాడిలా ఇనుప గనులు మొదలయ్యాయి. కిరందూల్ నుంచి కొత్తవలస మీదుగా విశాఖపట్నానికి ఖనిజపు రైళ్లు నడిచాయి. ఆ రైలు మార్గం వెంట తెలుగు కార్మికులు, వ్యాపారులు వచ్చి బచేలీ, కిరందూల్, జగదల్‌పూర్‌లలో స్థిరపడ్డారు. జీతం వచ్చే రోజు, సీసాలమ్మే దుకాణం కలిసే పట్టణ జీవితం అక్కడ మొదలైంది. ఉత్తరాన బస్తర్‌కు ఆనుకున్న దల్లీ రాజ్‌హరా గనుల్లో శంకర్ గుహా నియోగి సంఘం 1970ల చివరి నుంచి తాగుడు వ్యతిరేక ఉద్యమం నడిపింది. పెరిగిన జీతమంతా గుత్తేదారు గల్లాకు పోతోందన్న లెక్కే దానికి ఊపు. నియోగి 1991 సెప్టెంబర్ 28న హత్యకు గురయ్యాడు. మరుసటి ఏడాదే నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి ఆడవాళ్ల సారా వ్యతిరేక పోరాటం ఆంధ్రప్రదేశ్‌ను ఊపింది. 1993 అక్టోబర్‌లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం, 1997లో దాని ఎత్తివేత వరసగా వచ్చాయి. ఈ ఉద్యమాల్లో ఎక్కడా ప్రధాన ప్రశ్న పిల్లవాడి వయసు కాదు, ఇంటికి రావలసిన కూలి ఎక్కడ ఆగిపోతోందన్నదే.

విద్యార్థి అనే మనిషి పెద్ద సంఖ్యలో బస్తర్ రంగం మీదికి వచ్చింది ఆశ్రమ పాఠశాలలతో. పదేళ్ల పిల్లవాడు ఊరు వదిలి హాస్టల్లో చేరతాడు, ఇంటికి పండక్కే వెళ్తాడు. 2005లో మావోయిస్టు వ్యతిరేక సల్వా జుడుం మొదలయ్యాక దక్షిణ బస్తర్‌లో ఎన్నో ఊరిబడులు మూతబడ్డాయి, వేలమంది సరిహద్దు దాటి ఖమ్మం అడవుల్లోకి వచ్చారు. మిగిలిన పిల్లలను రోడ్డు పక్కన వెదురు తడకలతో కట్టిన పోర్టా క్యాబిన్ హాస్టళ్లలో చేర్చారు. 2006లో జగదల్‌పూర్‌లో వైద్య కళాశాల, 2008లో బస్తర్ విశ్వవిద్యాలయం వచ్చాయి. దంతెవాడ దగ్గర జావంగాలో పెద్ద విద్యాప్రాంగణం లేచింది. ఇప్పుడు ఒకే యువకుడు రెండు చట్టాల మధ్య తిరుగుతున్నాడు. ఊళ్లో పెళ్లికి వెళితే పందొమ్మిదేళ్లవాడి చేతికి ఆకుదొప్ప అందుతుంది. వద్దంటే మర్యాద తప్పినట్టు. పట్టణంలో అతనే దుకాణం ముందు నిలబడితే గుర్తింపు కార్డు అడగాలి. హాస్టల్లో దొరికితే గది ఖాళీ చేయాలి. ఊరి కట్టుబాటు అతనికి అక్కడ లేదు, పట్టణపు చట్టం ఊళ్లో లేదు.

అంకెల్లో చూస్తే 2019లో కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వేలో, 10 నుంచి 75 ఏళ్లవారిలో మద్యం తాగేవారు దేశం మొత్తం మీద 14.6 శాతం. ఛత్తీస్‌గఢ్‌లో 35.6 శాతం, అన్ని రాష్ట్రాల్లోకీ ముందువరసలో. అదే సర్వేలో 10–17 ఏళ్ల పిల్లల్లో తాగేవారు దేశవ్యాప్తంగా 1.3 శాతం. రాష్ట్ర సగటు బస్తర్ గురించి నేరుగా ఏమీ చెప్పదు. రాయ్‌పూర్, దుర్గ్ మైదానాల జనాభా బస్తర్ కన్నా చాలా ఎక్కువ, వాళ్ల తాగుడే ఆ అంకెను నడిపిస్తుంది. బస్తర్‌ను చూపి రాష్ట్రమంతటినీ, రాష్ట్రాన్ని చూపి బస్తర్‌నూ తాగుబోతులుగా చిత్రించే పాత అలవాటుకు ఈ సగటులు పనికొస్తాయి గానీ చట్టం చేయడానికి అంతగా పనికిరావు.

కాలేజీ పిల్లల తాగుడును వయసుతో కట్టడి చేయడంలో ప్రపంచం ఎక్కువగా చూపించే ఉదాహరణ అమెరికా. వియత్నాం యుద్ధకాలంలో 1971 రాజ్యాంగ సవరణ 18 ఏళ్లకే ఓటు ఇచ్చింది. ఆ ఊపులో చాలా రాష్ట్రాలు తాగే వయసూ తగ్గించాయి. యువకుల కారు ప్రమాదాలు పెరిగాయి. రాష్ట్రాల సరిహద్దు దాటి తాగి వచ్చేవాళ్లూ వాటిలో ఉన్నారు. 1984లో రీగన్ సంతకం చేసిన చట్టం, 21 ఏళ్ల నియమం పెట్టని రాష్ట్రానికి రహదారి నిధుల్లో కోత వేస్తానంది. 1988 నాటికి రాష్ట్రాలన్నీ దారికొచ్చాయి. అక్కడ పనిచేసిన యంత్రాంగం పుట్టిన తేదీ ఉన్న డ్రైవింగ్ లైసెన్సు, కారు, దుకాణం. ఒక్క అంకె కింద ఎన్ని ఏర్పాట్లు దాగి ఉంటాయో ఈ మూడింటిని చూస్తే తెలుస్తుంది. బస్తర్‌లో పుట్టిన తేదీ బడి రిజిస్టర్‌తోనే మొదలైంది, చాలా ఇళ్లలో అది పంతులు ఊహించి రాసిన తేదీ.

2017 ఏప్రిల్ 1 నుంచి ఛత్తీస్‌గఢ్‌లో చిల్లర మద్యం దుకాణాలను ప్రైవేటు గుత్తేదార్ల నుంచి తప్పించి రాష్ట్ర మార్కెటింగ్ కార్పొరేషన్ చేతికిచ్చారు. 21 ఏళ్ల నియమం అమలు చేయాల్సినవాడూ, అమ్మకం లెక్క చూసుకునేవాడూ ఇప్పుడు ఒక్కరే. 2018 ఎన్నికల్లో నిషేధం హామీ ఇచ్చిన పార్టీ గెలిచి అయిదేళ్లు పాలించినా దుకాణాలు మూతపడలేదు. ఖజానాకు వచ్చే అబ్కారీ రాబడి ముందు హామీ నిలవకపోవడం తెలుగు పాఠకులకు కొత్త కాదు.

వయసు విషయంలో ఇంటి గడప దాటి లోపలికి వచ్చిన చట్టం ఎక్సైజుది కాదు, పిల్లల రక్షణది. 2015 బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లలకు వైద్యుడి ఆదేశం లేకుండా మద్యం ఇచ్చినవారికి ఏడేళ్ల దాకా కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా. ఇక్కడ లైసెన్సున్న దుకాణదారు అన్న మాట లేదు. ఇచ్చినవారెవరయినా ఒకటే. అక్షరాలా చదివితే కొత్తపంట పండగనాడు పదిహేనేళ్ల మనవడికి దొప్పెడు లాందా పోసిన అవ్వ కూడా ఈ సెక్షన్ కిందికే వస్తుంది. గిరిజన ఆచారాలకు ఎక్సైజు చట్టం ఇచ్చిన మినహాయింపు ఇందులో లేదు. ఒక చట్టం కాచుకోమన్న సారాను ఇంకో చట్టం ఇంట్లోనే వయసు చూసి పోయమంటోంది.

మూడో అధికారం ఊరిది. 1996 పీసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభకు, పంచాయతీకి ఇచ్చింది. ఛత్తీస్‌గఢ్ దాని నియమావళిని 2022లో గానీ ప్రకటించలేదు. ఈ అధికారానికి అమ్మకపు బల్లతో పనిలేదు. ఏ కుండ దగ్గరికి ఏ వయసు పిల్లవాడు రావచ్చో, సంతలో లాందా ఎన్ని గంటల దాకా పోయాలో, బడికి ఎంత దూరంలో కుండ పెట్టాలో ఊరే చెప్పవచ్చు. హాస్టలు పిల్లవాడు పండక్కి ఊరికి వస్తే ఈ నిర్ణయం పరిధిలోకి వస్తాడు, సెలవులయ్యాక జగదల్‌పూర్ బస్సు ఎక్కితే మళ్లీ 1915 నాటి చట్టం పరిధిలోకి వెళతాడు.